వాయవ్యం గాలి

మంచం తలవైపు గోడని రమణి బ్లీచింగ్ నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడుస్తోంది. నిన్న తుడిచిన చోటే మళ్ళీ బూజు పట్టింది. నల్లగా, తడిగా, వేలు తగిలితే నూగులా ఊడి వస్తోంది. గుడ్డ పిండినప్పుడల్లా బకెట్లో నీళ్ళు మసి కడిగినట్టవుతున్నాయి. ఆ చేత్తో మధ్యాహ్నం అన్నం కలుపుకోవాలంటే ఆమెకి ఒళ్ళు జలదరిస్తోంది.

వెనక మంచం మీద నాలుగేళ్ళ గాయత్రి ఊపిరి తీసినప్పుడల్లా గుండెల్లోంచి సన్నగా పిల్లికూత వినిపిస్తోంది. అమలాపురం డాక్టరుగారు ఒక్కటే చెప్పారు: "గది పొడిగా ఉండాలమ్మా. గాలాడాలి. ఈ బూజు పీలుస్తున్నంతకాలం నా మందులు పనిచెయ్యవు."

గాలెక్కడాడుతుంది? నిరుడు ఏసీ పెట్టించిన దగ్గర్నించీ ఆ గది కిటికీ రెక్కలు తెరిచిందే లేదు. అసలే శ్రావణమాసం. ఐ.పోలవరం చుట్టుపక్కల ఆరేసిన బట్ట మూడు రోజులైనా ఆరని రోజులు.

డాక్టరు మాట విని రమణి కిటికీ తెరిపిద్దామనుకుంది. సరిగ్గా ఆ వారంలోనే ఆమె బావగారు మాణిక్యాలరావు సెలవు మీద కువైట్ నుంచి దిగాడు. పదేళ్ళుగా అక్కడ ఏసీ గొట్టాలు బిగించే పని ఆయనది. ఈ ఇల్లు లేచింది కూడా ఆయన సంపాదనతోనే. పెట్టెలతోపాటు ఒక పెద్ద ఇనప డబ్బా కూడా తెచ్చాడు.

"దీనికి రెండు గొట్టాలు. ఒకటి గదిలో చెడ్డగాలి బయటికి తోసేస్తది. రెండోది మంచిగాలి లోపలికి లాగుతది. పోయేగాలి చల్లదనం ఈ అట్టల పొరల్లోంచి వచ్చేగాలికి అంటుద్ది. ఏసీ చల్లదనం వృథా కాదు, గదిలో చెమ్మా ఉండదు" అని చావిట్లో అందరికీ విప్పి చూపించాడు.

"మా పెద్దోడి బుర్రే బుర్ర" అంది అత్తగారు బుజ్జమ్మ.

గోడకి కన్నాలు కొట్టడానికి తాపీమేస్త్రీ కృపారావు వచ్చాడు. ఈ ఇల్లు కట్టింది అతనే. గదంతా ఒకసారి చూసి, ఉత్తరం గోడ మీద చెయ్యి వేశాడు.

"లోపలికొచ్చే గాలికి ఇక్కడ కొడతానండి బాబుగారూ. అవతల కొబ్బరితోట. శుభ్రమైన గాలండి."

"నీకు వాస్తు తెలుసా కృపారావూ?" అన్నాడు మాణిక్యాలరావు.

"మీరు చెబితే వింటానండి."

"గాలికి దేవుడెవరు? వాయువు. వాయువుది ఏ మూల? వాయవ్యం. గాలి సంగతేదైనా ఆ మూలే. రెండు కన్నాలూ అక్కడే కొట్టు."

కృపారావు తల గోక్కున్నాడు. "ఆయ్. నిజమేనండి. కానీ ఇల్లు కట్టినప్పుడు సెప్టిక్ ట్యాంకు కూడా వాస్తు ప్రకారమని వాయవ్యంలోనే పెట్టించేరు కదండి. దాని కంపు పోయే గొట్టం అక్కడికి మూరెడు దూరంలో ఉందండి. ఇంక మిషను మంచిగాలి ఎక్కడ్నించి లాగుద్దండి?"

"ఆ కంపు పైకి పోద్దిరా. కువైట్లో ఎన్ని బిగించేను!"

"అక్కడ గాలి పొడిదండి. మన గాలి పిండితే నీళ్ళు కారతాయండి."

"నువ్వు కొట్టు ముందు" అంది బుజ్జమ్మ. "పదేళ్ళు చేసినోడికి నువ్వు చెప్పేదేంటి?"

గుమ్మం దగ్గర నిలబడ్డ రమణి మొగుడికేసి చూసింది. వెంకటరమణ కన్నం కొలతలు తీసుకుంటున్నట్టు టేపులోకి చూస్తున్నాడు.

రెండు కన్నాలూ వాయవ్యంలోనే పడ్డాయి. బయటిగాలి చొరబడితే మిషను లెక్క తప్పుతుందని కిటికీ సందులన్నీ మాణిక్యాలరావు దగ్గరుండి జిగురు పెట్టి మూయించాడు.

మిషను ఆడించిన రోజు పక్కింటి ఉమాదేవిని పిలిచి కాఫీ ఇచ్చారు. మీట నొక్కగానే డబ్బా గుర్రుమంది. కాసేపటికి వాసన మొదలైంది. ముందు సన్నగా, ఎక్కడో చచ్చిన ఎలుకలా. తర్వాత గదంతా చిక్కగా పరుచుకుంది. అది ఏం వాసనో అక్కడున్న అందరికీ తెలుసు. బుజ్జమ్మ పైట ముక్కుదాకా తెచ్చి, కొడుకు చూడ్డంతో చెమట తుడుచుకుంది. వెంకటరమణ గ్లాసు మూతికి ఆనించి అలాగే ఉంచేశాడు.

"కొత్త ప్లాస్టిక్ వాసన. రెండ్రోజుల్లో పోద్ది" అన్నాడు మాణిక్యాలరావు. "ఎలాగుందమ్మా?"

"ఏసీ బస్సెక్కినట్టుందండి అన్నయ్యగారూ" అని ఉమాదేవి కాఫీ సగంలో పెట్టేసి, పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్ళిపోయింది.

రెండ్రోజులు కాదు, వారమైంది. ఆ కంపు దుప్పట్లలోకి దిగింది, తలగడల్లోకి దిగింది. రమణి తలంటుకుని వచ్చినా జడలో అదే. పిల్లని ముద్దు పెట్టుకుందామని వంగితే మెడ దగ్గర అదే. చప్పున ముక్కు మూసుకుని వెనక్కి తగ్గింది. కన్నకూతురి దగ్గర ముక్కు మూసుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. గోడలు పొడిబారడం మాట అటుంచి, ధారలు కట్టాయి. గాయత్రి తిన్న ముద్ద తిన్నట్టు కక్కేస్తోంది. పిల్లికూత ఇప్పుడు చావిట్లోకి వినిపిస్తోంది.

"మీ అన్నయ్యగారికి ఒక్కమాట చెప్పండి" అని మొగుణ్ణి అడిగింది.

"ఏమని చెప్పను? మురుగు కంపు కొడుతోందనా?"

"కొట్టట్లేదా?"

అతను చొక్కా తొడుక్కున్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున్న డబ్బాలోంచి మంచం మీదికి నల్లటి నీళ్ళు కారాయి. కృపారావుని పిలిపించారు. అతను నిచ్చెనెక్కి మూత విప్పగానే తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాడు. అట్టల పొరల మధ్య చీమిడిలాంటి జిగురు పేరుకుంది. అందులో బొద్దింకలు కాళ్ళు తన్నుకుంటున్నాయి. అడుగున నిలిచిన నీళ్ళలో ఉబ్బిపోయిన బల్లి. వేలితో తీస్తే తోక ఒక్కటే వచ్చింది.

కృపారావు కిందికి చూశాడు. "పాపని ఇందులోనే పడుకోబెడుతున్నారాండీ?"

"ఆయ్" అంది రమణి. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక, ఉమ్మి మింగడానికి కూడా ఆమెకి అసహ్యమేసింది.

మాణిక్యాలరావు ముఖం కందగడ్డలా అయింది. లోపలికి వెళ్ళి సెంటుసీసాతో వచ్చాడు. "తుడిచేసి బిగించెయ్యి. వాసనదేముంది?" అంటూ ఆ పొరల మీద సగం సీసా కొట్టి మీట నొక్కాడు. గులాబీల వాసన, దాని వెనకే దొడ్డి వాసన, రెండూ కలిసి గదిలోకి వచ్చాయి. గాయత్రి దగ్గడం మొదలెట్టింది. దగ్గి దగ్గి పెదాలు నీలమయ్యాయి.

రమణి ఒక్క ఉదుటున మీట ఆపేసింది. బావగారి ఎదురుగా ఎప్పుడూ గొంతెత్తనిది, అప్పుడూ ఎత్తలేదు. మొగుడి వైపు తిరిగి అంది: "ఆ కిటికీ పగలగొట్టించండి. ఇప్పుడే."

కృపారావు సుత్తి చేతిలోకి తీసుకుని, ఎవరో ఒకరు ఊఁ అంటారని చూశాడు. బుజ్జమ్మ గోడకేసి చూస్తోంది. మాణిక్యాలరావు సీసాకి మూత బిగిస్తున్నాడు.

వెంకటరమణ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అన్నయ్య ప్రయాణం ఇంక నెలే కదా. ఆయన వెళ్ళేక తెరుచుకుందాం. ఇప్పుడైతే నొచ్చుకుంటాడు రమణీ."

ఆమె అతన్ని చూసింది. గోడ మీది బూజుని చూసినట్టే, తేరిపార చూసింది. తర్వాత పిల్లని భుజాన వేసుకుని, దండెం మీంచి ఆరీ ఆరని పిల్ల గౌను ఒకటి లాక్కుని, నిచ్చెన పక్కనుంచి, అత్తగారి పక్కనుంచి నడిచి వీధిగుమ్మం దిగింది.