మోచేతి మడతలో జిగురు

శనివారం పొద్దున ఏడున్నరకే మా రక్తపరీక్షల ల్యాబ్ ముందు పాతికమంది. ఎంతమంది వచ్చినా రక్తం తీయడానికి నాకు ఒక్క పోటు చాలు, రెండోది ఉండదు. ఆ మాట నేనే పదిమందికి చెప్పుకుంటాను.

వరసలో క్రేన్ నడిపే అన్నను చూడగానే ఒళ్ళు మండింది. మూడు వారాల క్రితం పరీక్షలో ఆయన టెస్టోస్టెరాన్ హార్మోను ఆకాశాన్నంటింది. ఆ హార్మోను తక్కువైందని భుజానికి రాసుకోమని ఇచ్చిన జెల్‌ను డాక్టరు గారు ఆపేయమన్నారు. చెప్పిన మాట వింటేగా అని నేనూ దెప్పాను.

ఇప్పుడు మనిషి వాడిపోయాడు. కుర్చీలో కూర్చోగానే కళ్ళు మూతలు పడుతున్నాయి.

"మందు ఆపినప్పటి నుంచీ ఇంతే చెల్లెమ్మా," అంది వాళ్ళావిడ. "సోమవారం నుంచి క్రేన్ దిగి గేటు దగ్గర కూర్చోమన్నారట కంపెనీవాళ్ళు. ఇరవై ఏళ్ళు అంత ఎత్తున పనిచేసిన మనిషి."

"లెక్క ప్రకారం రాసుకుంటే ఈ గొడవే ఉండేది కాదు వదినా," అన్నాను, రబ్బరు పట్టీ బిగిస్తూ.

"చుక్క ఎక్కువ రాయలేదు," అన్నాడాయన. "పోయినసారి పరీక్ష రోజు మాత్రం భుజానికి కాకుండా ఇక్కడ రాశా. రక్తం తీసేది ఇక్కడే కదా, మందు పనిచేస్తున్నట్టు బాగా కనబడుతుందని."

మోచేతి మడత చూపించాడు.

సూది పట్టుకున్న చేయి ఆగిపోయింది. ఆ రోజు ఆ మడత జిగురుగా తగిలింది. "ఏంటన్నా, అత్తరు పూసుకొచ్చావా?" అని నవ్వాను కూడా. దూదితో ఒక్కసారి తుడిచి అక్కడే పొడిచాను. చర్మం మీది మందు సూదితో పాటు ట్యూబులోకి పోయింది. మేం కొలిచింది దాన్నే.

నోరు మూసుకుని ఈరోజు రక్తం శుభ్రంగా తీసి పంపితే ఎవరికీ తెలియదు. కానీ రిపోర్టు వచ్చేది మంగళవారం. ఈయన క్రేన్ దిగాల్సింది సోమవారం. రెండు అడుగులు ఫోన్ వైపు వేశాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ వెళ్ళి డాక్టరు గారికి చేశాను.

"డాక్టరు గారూ, క్రేన్ అన్న పాత రిపోర్టు తప్పు. జెల్ రాసిన చోటే పొడిచాను. తీసింది నేనే."

"అదే రాసి సంతకం పెట్టి పంపు. గడువివ్వమని కంపెనీకి నేను ఉత్తరం ఇస్తాను. ఈరోజు రెండో చేతికి తియ్యి."

తిరిగొచ్చి ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"మూడు వారాలమ్మా," అంది వాళ్ళావిడ.

ఆయన చొక్కా రెండో చేయి పైకి మడిచాడు. "దీనికేం రాయలేదు, తియ్యి చెల్లెమ్మా."

మొదటి పోటు నరం తప్పింది. పదిహేనేళ్ళలో మొదటిసారి రెండుసార్లు పొడవాల్సి వచ్చింది. ఆయన చేయి మాత్రం కదపలేదు.