జానెడు ఎత్తు

పొద్దున ఆరింటికి కబేళాలో మాంసం వేలాడే గొలుసు కదిలిందంటే కత్తి మేస్త్రి మధ్యాహ్నం దాకా తల ఎత్తడు. కీలు ఎక్కడుందో అతని కత్తికి చూడకుండానే తెలుసు. ఇన్నేళ్ళలో వెంట్రుకవాసి పక్కకి పోయిందన్నవాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనగారికి కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆదివారాలు అతను కబేళా ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్. పైకప్పు రేకులు వేసేవాళ్ళ జట్టు చేతిలో తొమ్మిదేళ్ళుగా ఫైనల్లో తన్నులు తింటున్న జట్టది. తన్నులంటే మాటవరసకి కాదు, పళ్ళు రాలాయి, పక్కటెముకలు విరిగాయి. ఈ ఏడు కోల్డ్ రూమ్ పనికి ఒక బక్కోడు చేరాడు. గాలొస్తే పడిపోయేలా ఉంటాడు గానీ, వాడు మైదానంలోకి దిగితే మిగతా పదిమందీ నేలమీంచి నాలుగు వేళ్ళు పైకి లేస్తారు. వాడు మాత్రం కిందే ఉంటాడు. రిఫరీ స్కేలు పెట్టి కొలిచి, నిబంధనల్లో అభ్యంతరమేమీ లేదన్నాడు. గడ్డి నలగడం లేదని మైదానం కాపలా ముసలాయన సంబరపడ్డాడు.

అయితే వాడు ఎత్తగలిగేదానికీ ఒక హద్దుంది. ఒకసారి ప్రాక్టీసులో ఒకడు కడుపు పట్టుకుని గీత దాటి పరుగెత్తితే మిగతా తొమ్మిదిమందీ ఏకంగా జానెడు లేచారు. కోచ్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"ఫైనల్లో ఇద్దరు రెడ్ కార్డు తెచ్చుకోవాలి," అన్నాడు మర్నాడు. "ముందు మేస్త్రి. అది అయ్యాకే కుడివైపు డిఫెండర్. ఎనిమిదిమంది మూరెడు ఎత్తున ఉంటే హెడర్‌కి మనల్ని ఆపేదెవడు? ఊరికే బయటికి పోతానంటే రిఫరీ ఒప్పుకోడు. ఎవణ్ణో ఒకణ్ణి కుమ్మి పోవాలి."

మేస్త్రి బావని ఎంచుకున్నాడు. చెల్లెలి మొగుడు, రేకుల జట్టు ఫార్వర్డ్. ఇంకొకడైతే పాత కోపాలు గుర్తొచ్చి దెబ్బ గట్టిగా పడొచ్చు, బావ దగ్గర జాగ్రత్తగా ఉంటానని అతని లెక్క. చెల్లెలికి ముందే చెప్పాడు కూడా.

"మతి పోయిందా అన్నయ్యా? ఆయన పొద్దస్తమానం నిచ్చెనల మీద ఉండే మనిషి."

"పిక్క మీద ఒక్కటి. నాలుగు రోజులు కుంటుతాడు, అంతే. నా చేతి మీద నమ్మకం లేదా?"

"చేతి మీద ఉంది. తన్నేది కాలితో కదా!"

వారం రోజులు అతను నాలుగు వేళ్ళ ఎత్తు పీట మీద నిలబడి, కొక్కేనికి వేలాడే మాంసాన్ని గురి చూసి తన్నాడు. ఒక్కటీ తప్పలేదు.

ఫైనల్ మొదలైన పావుగంటకే బక్కోడి కనుబొమ చిట్లింది. రేకులవాళ్ళు వాణ్ణి మోచేతులతో పొడిచారు, పడితే వేళ్ళు తొక్కారు. వాడు నెత్తురు ఉమ్ముకుంటూ లేచి ఆడుతూనే ఉన్నాడు. స్కోరు ఒకటి ఒకటి. రెండో సగంలో బావ బంతితో నేరుగా మేస్త్రి వైపే వచ్చాడు.

"తప్పుకో బావా!" అన్నాడు మేస్త్రితో నవ్వుతూ.

మేస్త్రి పిక్కకి గురిపెట్టి కాలు విసిరాడు.

అదే క్షణంలో అవతలి గీత దగ్గర కుడివైపు డిఫెండర్‌కి ఓపిక నశించింది. తన వంతు వచ్చేదాకా ఆగలేక, బూతులు తిడుతున్న రేకుల కోచ్ మీదికి గీత దాటి దూకి మొహం మీద గుద్దడం మొదలెట్టాడు. మైదానంలో ఒకడు తగ్గాడు. మేస్త్రి విసిరిన కాలితో సహా జానెడు ఎత్తుకి లేచాడు.

బూటు మోకాలి చిప్పకి తగిలింది. అలాంటి చప్పుడు మేస్త్రి రోజుకి వందసార్లు వింటాడు. ఏం విరిగిందో, అది మళ్ళీ ఎందుకు అతకదో అతనికి వెంటనే తెలిసిపోయింది. బావ కాలు మడవకూడని వైపుకి మడిచి ఉంది. అరుపు కాస్త ఆలస్యంగా వచ్చింది.

మేస్త్రికీ, కుడివైపు డిఫెండర్‌కీ రెడ్ కార్డు చూపించారు. గీత దాటగానే మేస్త్రి పాదాలు నేలకి తగిలాయి. బావని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి గీత పక్కన కాలికి కట్టు కడుతుండగానే ఆట మళ్ళీ మొదలైంది. బక్కోడు బంతి లేపాడు. మూరెడు ఎత్తున ఉన్న ఎనిమిదిమందిలో ఒకడు దాన్ని తలతో గోల్‌లోకి కొట్టాడు. కబేళా జనమంతా మేస్త్రీ, మేస్త్రీ అని గొంతులు చించుకున్నారు.

అందరూ గోల్ వైపు పరుగెత్తడంతో స్ట్రెచర్ మోయడానికి ఒక్క మనిషే మిగిలాడు. మేస్త్రి వంగి రెండో వైపు పట్టుకున్నాడు.

"వదులు," అంది పక్కకొచ్చి నిలబడ్డ చెల్లెలు.

"చెల్లీ, నేను కావాలని..."

"తెలుసు. వదులు అన్నయ్యా."

అతను వదల్లేదు. ఆమె అతని వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, ఆ వైపు తనే ఎత్తుకుంది. బరువుకి ఒకసారి తూలి, నిలదొక్కుకుని, మొగుణ్ణి మోసుకుంటూ గేటు వైపు నడిచింది.