తుడవని గొట్టం

మా గాజు బట్టీలో ఒక పద్ధతి ఉంది. ఒకడు గొట్టం ఊది, చివర గాజు బుడగ లేవగానే పక్కవాడికి అందిస్తాడు. అందుకున్నవాడు అదే గొట్టం ఊదాలి, నోరు పెట్టే చోట తుడవకూడదు. తుడిచాడంటే ఎదుటివాణ్ణి అవమానించినట్టే.

ఆమధ్య నాకు దగ్గు పట్టుకుంది. ఊపిరి తిప్పుకోనివ్వని దగ్గు. ఇంట్లో పడుండమని మా ఆవిడ మొత్తుకున్నా వినకుండా బట్టీకి వెళ్ళాను. నా గొట్టం అందుకునేది మా ఆవిడ తమ్ముడే. "బావా, నీ దగ్గుకి బుడగ కూడా వణుకుతోంది" అని ఎగతాళి చేశాడు గానీ, తుడవలేదు. తుడుచుకోరా అని నేనూ అనలేదు. అంటే నాకు చిన్నతనం.

దగ్గు వాడికి అంటుకుంది. తగ్గుముఖం పట్టిందనుకుంటే జ్వరం ముంచుకొచ్చింది. ఊపిరితిత్తుల్లో చీము. ఆసుపత్రిలో డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ దగ్గు క్రిమి ఊరికే దగ్గించి పోదు పెద్దాయనా. రోగంతో పోరాడే శక్తి ఒంట్లో ఉంటుంది కదా, ముందు దాన్ని నీరుగారుస్తుంది. ఆ సందు చూసుకుని ఇంకో క్రిమి దూరింది. గండం గడిచింది గానీ, ఆ శక్తి మళ్ళీ కూడుకోవాలి. ఈలోగా ఇంకోటి తగిలితే తట్టుకోలేడు."

మా ఆవిడ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

నిన్న వాడు బట్టీకి వచ్చాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. నేను ఊదుతున్నాను. బుడగ లేవగానే చెయ్యి చాపాడు.

"ఇటివ్వు బావా."

"వద్దురా. నీకు వేరే గొట్టం తెప్పిస్తా."

"ఇన్నేళ్ళకి నా నోరు చేదైందా నీకు?"

"నీ నోరు కాదురా, నాది."

"నీ నోటి సంగతి మా అక్కకి తెలుసులే. ఇవ్వు, జారిపోతోంది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"నీకు దగ్గు అంటించింది నేనేరా. నిన్ను మంచాన పడేసింది ఆ దగ్గే."

"తెలుసు. నువ్వు పక్కనే దగ్గుతుంటే నాకేమన్నా చెవుడా?"

"మరి తుడుచుకోలేదేం?"

"నలుగురిలో నీ పరువు తియ్యమంటావా?"

గొట్టం చివర గాజు సాగి, జారి, నేల మీద ముద్దగా పడింది. వాడి చెయ్యి ఇంకా చాపే ఉంది. నేను ఖాళీ గొట్టాన్ని వెనక్కి లాక్కున్నాను. నవ్వులు ఆగిపోయాయి. వాడు చెయ్యి దించి, బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

వెళ్ళి పక్కన కూర్చుందామంటే నాకు మొహం చెల్లలేదు.