పరీక్ష అక్కర్లేదన్నారు

పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదు. ఈ ముక్క రోజంతా చెప్పీ చెప్పీ ఫొటోలాయనకు నోరు నొప్పి పుట్టేది. విదేశం వెళ్లబోతున్న పిల్లలు మరి! పెదాలు ఎంత బిగబట్టినా నవ్వు ఆగి చస్తేనా? ఆయన స్టూడియో మేడ కింద, ఏజెంటుగారి ఆఫీసు మేడ మీద. పరాయి దేశాల కాలేజీల్లో సీట్లు ఇప్పించడం ఏజెంటుగారి పని. పైన కాగితాలు పూర్తయినవాళ్లు మెట్లు దిగి, నేరుగా వచ్చి కింద తెల్లతెర ముందు స్టూలు మీద కూర్చునేవారు. ఇద్దరి వ్యాపారాలూ పాలూ నీళ్లలా కలిసిపోయాయి.

ఒకనాడు ఫొటోలాయన ఆ స్టూలు మీద కన్నకూతుర్నే కూర్చోబెట్టాడు. ఇంట్లో ఆ పిల్ల పేరు వసపిట్ట. నోరు తెరిచిందంటే మూయించడం ఎవరి తరమూ కాదు. డిగ్రీ అయిపోయింది, నర్సింగు చదవడానికి విదేశం వెళుతోంది.

"నవ్వకే తల్లీ."

"నవ్వట్లేదు నాన్నా, నా మొహమే అంత. నీ పోలికే కదా!"

అద్దం దగ్గర నిలబడ్డ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చూసేవాళ్లకు ముచ్చటేసే కుటుంబం. కానీ అయ్యా, అమ్మా, ఇక్కడొక్క క్షణం ఆగండి. అంత వాగుడుకాయ కూడా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని భయం ఒకటి గుండెల్లో పెట్టుకుని ఆ స్టూలు మీద కూర్చుంది.

విదేశాల్లో చదవబోయేవారికి ఇంగ్లీషు వచ్చో రాదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంటుంది. డిగ్రీ ఇంగ్లీషులోనే చదివినట్టు కాలేజీవారు ఉత్తరం ఇస్తే కొన్నిచోట్ల ఆ పరీక్ష నుంచి మినహాయింపు ఇస్తారు. భాష వచ్చినవారికి అది న్యాయమే, కాదనను. వసపిట్ట కాలేజీ కూడా పేరుకు ఇంగ్లీషు మీడియమే. పుస్తకాలు ఇంగ్లీషు, పరీక్షలు ఇంగ్లీషు. పాఠం మాత్రం మన భాషలో. లెక్చరర్ ఒక వాక్యం చదివి, "అంటే ఏంటంటే..." అని అందుకుంటే గంట కొట్టేదాకా మళ్లీ ఇంగ్లీషు వినబడేది కాదు. జవాబులు బట్టీ పట్టి పిల్లలు గట్టెక్కేవారు.

"పరీక్ష దేనికన్నా, దండగ!" అన్నాడు ఏజెంటు మొదటిరోజే. "కాలేజీ ఉత్తరం చాలు. మన వసపిట్ట ఈసారే విమానం ఎక్కేస్తుంది. ఇంగ్లీషంటావా, అక్కడ గాల్లోనే ఉంటుంది. పీల్చుకుంటే అదే వస్తుంది."

ఫొటోలాయన హాయిగా నవ్వాడు. పరీక్ష లేకుండానే సీటొస్తోందని కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు. పిల్లకు అసలు ఆ భాష వచ్చా అని మాత్రం ఆయనా అడగలేదు, తల్లీ అడగలేదు.

తర్వాత సీటివ్వబోయే విదేశీ కాలేజీ నుంచి ఒకావిడ కంప్యూటర్లో కనబడి వసపిట్టతో మాట్లాడింది. ఏజెంటు కెమెరాకు కనబడకుండా పక్కన కూర్చుని, జవాబులు రాసిన అట్టముక్కలు ఒక్కొక్కటే ఎత్తి చూపించాడు. పిల్ల చదివేసింది. చివర్లో ఆవిడ చిరునవ్వుతో అట్టల మీద లేని ప్రశ్న ఒకటి అడిగింది.

"ఎస్ మేడమ్," అంది వసపిట్ట.

ఆవిడ కాసేపు చూసింది. ఇంకేదో వస్తుందనుకుంది కాబోలు. ఏమీ రాకపోయేసరికి నమస్కారం చెప్పి వెళ్లిపోయింది. ఏజెంటు "సూపర్!" అని చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లో వసపిట్ట నోరు మెదపలేదు. జ్వరమేమోనని తల్లి నుదురు తాకి చూసింది.

వసపిట్ట వీసాకు దరఖాస్తు పంపే ముందురోజు ఏజెంటు తన కూతుర్ని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. ఆ అమ్మాయిదీ వసపిట్ట చదివిన కాలేజీయే. తనూ నర్సింగుకే వెళుతోంది. కౌంటరు వెనక వసపిట్ట ఎవరివో ఫొటోలు కత్తిరిస్తోంది.

"రండి సార్, రండి. పాప ఫొటో వీసాకేనా?"

"కాదన్నా. ఇంగ్లీషు పరీక్షకి."

కౌంటరు దగ్గర కత్తెర చప్పుడు ఆగింది.

"అదేంటి సార్? ఇద్దరిదీ ఒకటే కాలేజీ కదా. ఉత్తరం చాలదూ?" ఫొటోలాయన మామూలుగానే అడిగాడు. ఆయన మనసులో ఏ అనుమానమూ లేదు.

ఏజెంటు కూతురి జుట్టు సర్దుతూ, "చాలకేం, చాలుతుంది. కానీ దీని ఇంగ్లీషు సంగతి నాకు తెలీదా? అంత దూరంలో పాఠం అర్థంకాక ఒక్కత్తీ కూర్చుని ఏడిస్తే ఎవరు చూస్తారన్నా? పరీక్ష ఉందంటే ఆ వంకనైనా నేర్చుకుంటుంది," అనేశాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఫొటోలాయన మెడలోంచి కెమెరా తీసి నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. ఆయన కోపిష్టి కాదు, గొంతు పెంచలేదు.

"మరి మా పిల్ల ఏడిస్తే ఎవరు చూస్తారు సార్?"

"అయ్యో, అది కాదన్నా... మీ పిల్ల గట్టిది. నోరున్న పిల్ల. ఎక్కడైనా నెగ్గుకొస్తుంది."

"నాకు నోరున్నది మన భాషలో అంకుల్," అంటూ వసపిట్ట కౌంటరు ఇవతలకి వచ్చింది. "నాన్నా, ఆ రోజు ఆవిడ అడిగింది నాకొక్క ముక్క అర్థంకాలేదు. ఊరికే ఎస్ అన్నాను. రేపు మంచం మీదున్న మనిషి నొప్పి ఎక్కడో చెబుతుంటే, అప్పుడూ ఎస్ అనమంటావా? మందు వద్దు, పడదు అంటే దానికీ ఎస్ అనమంటావా? నాకు భయంగా ఉంది నాన్నా. నువ్వు అందరికీ చెప్పుకుని మురిసిపోతుంటే నోరు రాలేదు."

ఆ తండ్రికి గుండె కలుక్కుమంది. బొమ్మల్లో కళ్లు మూసుకున్నదెవరో, తెరిచిందెవరో ఇట్టే పట్టేసే మనిషి, ఇంట్లో తిరిగే పిల్ల కళ్లలో భయాన్ని పట్టుకోలేకపోయాడు. కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడు ఆగితే ఈసారికి సీటు పోతుందన్నా," అన్నాడు ఏజెంటు. "రేపే దరఖాస్తు."

"పోనివ్వండి సార్. సీటు మళ్లీ అడగొచ్చు." ఆయన కూతురివైపు తిరిగాడు. "నీకేం కావాలో నువ్వు చెప్పమ్మా. ఈసారి వింటాను."

"నేనూ పరీక్ష రాస్తాను. పోతే మళ్లీ రాస్తాను. నేర్చుకునే వెళతాను."

అంతవరకూ తలవంచుకుని కూర్చున్న ఏజెంటు కూతురు లేచి వచ్చి, "ఇద్దరం కలిసి చదువుకుందామా?" అని వసపిట్ట చెయ్యి పట్టుకుంది. తండ్రివైపు మాత్రం చూడలేదు. ఆ చూడకపోవడమే ఆయనకు చెంపదెబ్బయింది.

ఏజెంటు దొంగ అని నేననను. ఆయన దొంగ కాగితం పుట్టించలేదు, ఉన్న నియమాన్నే వాడుకున్నాడు. కానీ నియమం పరీక్షను తప్పించగలదే గాని, తరగతి గదిని, ఆసుపత్రి మంచాన్ని తప్పించలేదు. అది ఆయనకు తెలుసు. తెలిసి సొంత బిడ్డకు చెప్పుకున్నాడు, పరాయి బిడ్డ దగ్గర దాచాడు. అడగకుండా మురిసిపోయిన తల్లిదండ్రులదీ తప్పే.

ఏజెంటు తలదించుకుని గుమ్మం దాకా వెళ్లాడు. వెనకనుంచి ఫొటోలాయన పిలిచాడు. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుకోవడమే ఉంది.

"సార్, రేపు ఇంకొక పిల్ల మీ దగ్గరికి వస్తుంది. మీ అమ్మాయికి ఏం చెప్పారో ఆ పిల్లకీ అదే చెప్పండి."