సగం చరణం దగ్గర ఆగిన వీధి

పగటిని మడిచి రేయిని పరిచేవాడా, పక్షి రెక్కకూ పసిబిడ్డ రెప్పకూ ఒకే చేత్తో విశ్రాంతినిచ్చేవాడా, ముందుగా నిన్ను తలచి ఈ కథకు పూనుకుంటున్నాను. నా మాట తడబడిన చోట నీ మౌనంతో పూరించు. ఇది కత్తెరమ్మ కథ. ఆమె చెల్లెలి కొడుకు, చర్చి సంఘ కార్యదర్శి, అతని కథ కూడా.

కత్తెరమ్మ ఆ వీధికి దర్జీ. దీపాలు వెలిగే వేళకు కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, మెడలోని టేపు తీయడం మరచి, అలాగే చర్చికి బయలుదేరేది. అక్కడ రెండు బల్లలు ఎదురెదురుగా ఉండేవి. ఎడమ వరుసలో ఆమె, ఆమె పక్కన నర్సమ్మ, మరికొందరు స్త్రీలు. కుడి వరుసలో రొట్టెల బట్టీ ఆయన, ఆయన వెనుక మగవారు. నిద్రకు ముందు పాడే రాత్రి ప్రార్థనను వారు తాతల నాటి పద్ధతిలోనే పాడేవారు. ఒక వరుస చరణంలో సగం పాడి ఆగుతుంది. నిండుగా ఊపిరి తీసి విడిచేంత మౌనం. ఆ తరువాతనే ఎదుటి వరుస మిగిలిన సగాన్ని అందుకుంటుంది. పూరించినవారే తరువాతి చరణాన్ని ఎత్తుకోవాలి. ఇదీ నియమం.

ఆ మౌనం ఉన్నంతసేపు వీధిలో మొదలైన ఏ పనీ ముగిసేది కాదు. పొంగే పాలు గిన్నె అంచున నిలిచేవి. మూస్తున్న తలుపు గడపను తాకక ఆగేది. కుళాయి నుంచి రాలిన చుక్క నేలకు జానెడు ఎత్తున వేలాడేది. మాటలకు మాత్రం ఆ కట్టు లేదు. ఆ వీధిలో పుట్టినవారికి ఇది వానకు తడవడం వంటిది. ఇల్లాండ్రు సరిగ్గా ఆ వేళకే పాలు పొయ్యిమీద పెట్టి కబుర్లకు పోయేవారు. మంగలి ఆ వేళకు కత్తి పట్టేవాడు కాడు.

కత్తెరమ్మ బ్రతుకులో ఆ ప్రార్థన లేని రాత్రి ఒక్కటీ లేదు. భర్త పోయిన రాత్రి కూడా ఆమె ఎడమ వరుసలోనే నిలిచింది.

వీధి మొగలో కొత్త భవనం లేచి, దానికి లిఫ్టు వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. ప్రతి సగం చరణానికీ లిఫ్టు అంతస్తుల నడుమ ఆగిపోయేది. మూడో అంతస్తు ఆయన సంఘానికి ఫిర్యాదు చేశాడు. ఫాదరు మెత్తనివారు, “ఈ విషయమై ప్రార్థిద్దాం” అని పక్కకు తప్పుకున్నారు. భారం కార్యదర్శి మీద పడింది. అతడు కుట్టుకొట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

“పెద్దమ్మా, పాట మానమనట్లేదు. ఆ మధ్యలో ఆగడం మానండి. గడగడా పాడేస్తే పోయేదేముంది?”

“ఆగకుండా కుట్టుకుపోతే చొక్కాకి చేతులెక్కడ దూరుస్తావురా?”

“అన్నిటికీ గుడ్డల సామెతేనా?”

“నాకు తెలిసింది గుడ్డలే. నీకు తెలిసింది తొందర. చిన్నప్పట్నుంచీ నీకు ఆగడమంటే పడదు. ఆ చెవి ఇంకా మండుతోందా?”

అతని ముఖం ఎర్రబడింది. బాల్యంలో అతడు కుడి వరుసలో పాడేవాడు. మంచి గొంతే, కాని మౌనం ముగిసేదాకా నిలువలేకపోయేవాడు. ఒక పండుగ రాత్రి, నిండు సభలో, “నీవారమని” అంటూ అతని ఒంటి గొంతు నిశ్శబ్దంలోకి దూకింది. చర్చి అంతా నవ్వింది. అందరి ఎదుట చెవి మెలిపెట్టినది పెద్దమ్మే. ఆ రాత్రి వెళ్ళినవాడు మళ్ళీ వరుసలోకి రాలేదు. బ్రతికి ఉన్నవాని చోట మరొకరు నిలువరాదన్నది అక్కడి ఆచారం. అందుకే రొట్టెల ఆయన పక్కన ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

“సరే, విను,” అన్నాడు అతడు. “రేపట్నుంచి దీపాలవేళకి చర్చికి తాళం. సంఘం తీర్మానించింది. లోపల ఎవరున్నా వేసేస్తాను.”

“వెయ్యి నాయనా.”

“నువ్వేం చేస్తావు మరి?”

“పాడతాను.”

మరునాటి సాయంకాలం రెండు వరుసలూ నిండాయి. రొట్టెల ఆయన చేతుల పిండి దులుపుకుంటూ వచ్చాడు.

“లోపల పెట్టి తాళం వేస్తే పొద్దున రొట్టెలెవరు కాలుస్తారు?”

“ఆ కార్యదర్శే కాలుస్తాడు. మాడినా మనమే తినాలి,” అంది నర్సమ్మ.

“రొట్టె సంగతి తర్వాత, అన్నయ్యా,” అంది కత్తెరమ్మ. “నేను సగం పాడి ఆపుతాను. మీ వరుస అందుకోవద్దు.”

“ఎంతసేపు?”

“వాడికి ఆగడం వచ్చేదాకా.”

బయట కార్యదర్శి తలుపు రెక్కలు దగ్గరికి లాగి, చెవి తిప్పితే గాని పడని పాతరకం తాళంకప్పను కడియాలకు దూర్చాడు. లోపలి నుంచి ఎడమ వరుస గొంతెత్తింది:

“చీకటి మా వాకిట నిలిచి పేరడిగినప్పుడు —”

తాళంచెవి సగం తిరిగి ఆగిపోయింది. ముందుకు పోలేదు, వెనక్కు రాలేదు. అతడు ఊపిరి లెక్కన కాచుకున్నాడు. ఊపిరి అయిపోయింది, మౌనం మాత్రం ముగియలేదు.

లోపల ఎంత నిశ్శబ్దమో బయట అంత గోల. పాల గిన్నెలు అంచుల మీద నురగ నిలబెట్టుకున్నాయి. ఆ రాత్రి ప్రార్థన లేదనుకున్న మంగలి చేతిలో కత్తి, ఒకని చెంప మీద కదలకుండా ఉంది.

“సగం గడ్డంతో పెళ్ళాం ఇంట్లోకి రానిస్తుందా, బాబూ?” అని ఆ గడ్డంవాడు వాపోయాడు.

లిఫ్టులోంచి మూడో అంతస్తు ఆయన కేక వేశాడు. “ఎవరైనా ఆ మిగతా ముక్క పాడండయ్యా.”

“మీరే పాడండి. రోజూ వింటారుగా,” అంది కింద నుంచి ఒకామె.

“విన్లేదమ్మా. తిట్టుకున్నాను.”

వీధిలో నవ్వు లేచింది. అందరి చూపులూ తలుపు దగ్గరికి మళ్ళాయి. “అబ్బాయీ, నీకు వచ్చుగా. చిన్నప్పుడు అందరికన్నా ముందే పాడేసేవాడివి,” అన్నాడు మంగలి.

కార్యదర్శి తలుపు సందులోంచి లోపలికి చూశాడు. పెద్దమ్మ మెడలో టేపుతో, గడ్డం పైకెత్తి నిలిచి ఉంది. ఆమె చూపు తలుపు మీద లేదు, తాళం మీద లేదు. ఎదుటి వరుసలోని ఖాళీ మీద ఉంది. ఒక జీవితకాలం ఎదురుచూసిన మనిషికి మరొక ఊపిరి ఎదురుచూడడం పెద్ద పని కాదన్నట్టు ఉంది ఆ నిలబడడం.

మాట అతని నాలుక చివరకు వచ్చింది. పాత అలవాటే, తొందర. దాన్ని పళ్ళ మధ్య పట్టి నిలిపాడు. వీధిలోని నవ్వు మెల్లగా సన్నగిల్లింది. తలుపు అవతల వరుసల ఊపిరి అతనికి వినబడింది. దాని వెనుక తన ఊపిరి వినబడింది. రెండూ ఒక్క లయకు వచ్చాక, తుప్పుపట్టిన గొంతుతో, తొందర లేకుండా, అతడు పాడాడు:

“నీవారమని చెప్పి నిద్రపోతాము.”

వీధి విడివడింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, చుక్క నేలను తాకింది, కత్తి చెంప దిగింది, లిఫ్టు పైకి పోయింది. తాళంచెవి అతని వేళ్ళలో వదులైంది. ఇప్పుడది ఎటు తిప్పితే అటు తిరిగేటట్టు ఉంది.

నియమం అతనికి గుర్తుంది. పూరించినవాడే ఎత్తుకోవాలి. ఎత్తుకోకపోతే ప్రార్థన నోరు తెరిచి ఉండిపోతుంది. చెవిని వెనక్కు తిప్పాడు. తాళం తీసి, దాన్ని చేతపట్టుకొనే లోపలికి నడిచాడు. రొట్టెల ఆయన కొంచెం పక్కకు జరిగాడు.

కత్తెరమ్మ పెదవులు కదలీ కదలకుండా అంది. “ఊఁ. తర్వాతది నీదే.”

అతడు ఎత్తుకున్నాడు. సగంలో ఆగాడు. ఎడమ వరుస, ఆ వరుసలో ఒక కత్తెర గొంతు, మిగిలిన సగాన్ని అందుకుంది.

కార్యదర్శి పదవి మరునాడే పోయింది, కుడి వరుసలో చోటు మాత్రం పోలేదు. ఆ తాళంకప్ప నేటికీ కుట్టుకొట్టులో గుడ్డ జారకుండా బరువుగా పడి ఉంది. మూడో అంతస్తు ఆయన ఆ వేళకు మెట్లెక్కుతున్నాడు, నడుమ నడుమ ఒక కాలు ఎత్తి ఆగుతూ.

ఈ కథ విన్నవారి సగం మాటను పూరించే గొంతు ఎదుటి వరుసలో ఉండుగాక. ఎవరు వద్దన్నా వారి పాట మానకుండుగాక, ఎవరు తరిమినా వారి మౌనం పరుగెత్తకుండుగాక. చీకటి వాకిట నిలిచి పేరడిగిన రాత్రి, వారికి జవాబు తెలిసి ఉండుగాక.