కౌన్సెలర్ పోస్టు

మా తమ్ముడు దేవరాజుకు ఉద్యోగం వచ్చిందంటే రాచర్లలో మా వీధంతా సంబరపడింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ ఉద్యోగం ఇచ్చిందెవరో నాకు తెలుసు.

బీటెక్ అయ్యాక వాడు రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. క్లౌడ్ కంప్యూటింగ్ సర్టిఫికెట్ కోర్సు చేస్తే కంపెనీలే ఎదురొచ్చి తీసుకుపోతాయని మార్కాపురంలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నమ్మబలికారు. నాయన మందలో సగం గొర్రెలు అమ్మి ఫీజు కట్టాడు. వీడూ కష్టపడి చదివాడు, పరీక్ష పాసయ్యాడు, సర్టిఫికెట్ తెచ్చాడు. ఆ తర్వాత ఏ కంపెనీని అడిగినా ఒకటే మాట, అనుభవం ఉందా అని. ఉద్యోగమే ఇవ్వకపోతే అనుభవం ఎక్కడినుంచి ఊడిపడుతుంది, సంతలో అమ్ముతారా? ఏడాదిపాటు ఇంట్లో తలవంచుకుని తిన్నాడు. చివరికి పిలిచి పనిచ్చింది ఎవరయ్యా అంటే, ఆ ఇన్‌స్టిట్యూటే. కౌన్సెలర్ పోస్టట. ఊళ్లోవాళ్లకు ఫోన్లు చేసి కోర్సులో చేర్పించాలి. చేర్పిస్తేనే జీతం.

సిగ్గుమాలిన పని అని మొహానే అన్నాను.

"ఏం చేయమంటావక్కా. ఖాళీగా ఉంటే ఊరంతా అడుగుతావుంది" అన్నాడు. జాలీ వేసింది, కోపమూ వచ్చింది.

మొన్న మా చిన్నాయన మల్లయ్య ఇంటికొచ్చి, కూతురు వెన్నెలను అదే కోర్సులో చేరుస్తున్నానని చెప్పాడు. ఆ పిల్లకు డిగ్రీ ఈ ఏడే అయింది. మా ఇళ్లలో ఆడపిల్ల పుడితే ఒక ఆడ గొర్రెపిల్లను ఆ బిడ్డ పేరున విడుస్తారు. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అన్నీ ఆమెవే. వెన్నెల ఎదిగేసరికి అవి చిన్న మందయ్యాయి. రేపు తన కాళ్ల మీద నిలబడాలన్నా దానికున్న ఆస్తి అదే. ఫీజు కోసం వాటినే అమ్ముతాడట.

"ఎవరు చెప్పినారు చిన్నాయనా నీకు?" అన్నాను.

"మన దేవరాజే ఫోన్ చేసినాడమ్మా. వాడు చదివినాడు, వాడికి వచ్చింది గదా."

వాడి నోటితోనే నిజం చెప్పించాలనుకున్నాను. మరునాడు చిన్నాయన, వెన్నెలతో పాటు నేనూ మార్కాపురం బస్సెక్కాను.

ఇన్‌స్టిట్యూట్‌లో ఏసీ చల్లగా ఉంది. బల్లకు అవతల మా తమ్ముడు, మెడలో టై. మేనేజరు నవ్వుకుంటూ వచ్చి వాడి వెనకే నిలబడ్డాడు. దేవరాజు నా వైపు చూడకుండా, బట్టీపట్టిన పాఠం మొదలుపెట్టాడు.

వెన్నెల మధ్యలో అడిగింది. "అన్నా, ఇది చదివితే నాకేం ఉద్యోగం వస్తాది?"

"క్లౌడ్ ఇంజనీరు" అని ఆగిపోయాడు.

ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. "నీకేం వచ్చిందో అది చెప్పరా. దాని గొర్రెలకు రేపొద్దున బేరగాడు వస్తావున్నాడు" అన్నాను.

వాడు తలెత్తి వెన్నెలను చూశాడు. "నా ఉద్యోగమే వస్తాది వెన్నెలా. నువ్వు గూడా ఇట్ల కూచొని ఇంకో చెల్లెల్ని పిలవాల. నాతో చదివినోళ్లలో ఎవరికీ కంపెనీ ఉద్యోగం రాలేదు. నీ గొర్రెలు అమ్మొద్దు" అన్నాడు. టై విప్పి బల్ల మీద పెట్టాడు.

మేనేజరు మొహంలో చీమంత సిగ్గయినా కనపడలేదు. రేపటినుంచి రావద్దని వాడికి చెప్పి, అదే నవ్వుతో వెన్నెల వైపు తిరిగాడు. "చూశావా అమ్మా, ఇప్పుడే మా దగ్గర ఒక పోస్టు ఖాళీ అయింది. కోర్సులో చేరు, అది నీకే ఇస్తాం."

"లెయ్ చిన్నాయనా, ఈ దొంగల కొంపలో మనకేం పని" అంటూ ఆయన చెయ్యి పట్టి లాగాను.

చిన్నాయన లేవలేదు. నా చెయ్యి మెల్లగా విడిపించుకుని మేనేజరు వైపు వంగాడు.

"ఆ పోస్టుకు జీతం ఎంతిస్తారు సారూ?" అని అడిగాడు.