తొమ్మిది రోజుల పని

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఎనిడ్ హార్కర్ కౌన్సిల్ సీటు బిస్కెట్ల డబ్బాలో పోయింది. ఆమెకు 612 ఓట్లు, ప్రత్యర్థికి 612. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే. ఎన్నికల అధికారి రెండు చీటీలు మడిచి డబ్బాలో వేసి, అటు తిరిగి ఒకటి తీశాడు. అది ఎనిడ్ చీటీ కాదు.

మూడింటికల్లా మార్లింగ్‌వెల్ కౌన్సిల్ ఆఫీసు ముందు, ఆమె కారు నిలిపే చోట 'ఛైర్మన్' బోర్డు పీకేశారు. పీకించింది సొంత పార్టీ మనిషే. పంతొమ్మిదేళ్లుగా అసలు పెత్తనమంతా చేస్తున్న కౌన్సిల్ నాయకుడు, క్లైవ్ ఆర్మరాడ్. తర్వాతి ఛైర్మన్‌గా తన బావమరిదిని నిలబెడుతున్నాడు.

"ఇరవై నాలుగేళ్లు చేశావు ఎనిడ్. ఇక మనవలతో ఆడుకో," అన్నాడు. "సోమవారం ఛైర్మన్ మెడగొలుసు ఇచ్చెయ్. ఆఫీసు తాళం చెవులు కూడా."

"నాకు మనవలు లేరు క్లైవ్."

"కుక్కతో ఆడుకో."

నాలుగింటికి చివరి వార్డు తేలింది. పాలకపక్షానికి పద్దెనిమిది సీట్లు, ప్రతిపక్షానికి పద్దెనిమిది. కౌన్సిల్ లాయరు నస్రీన్ చట్టం తెచ్చి చదివింది. కొత్త ఛైర్మన్ ఎన్నికయ్యేదాకా సభ నడపాల్సింది పాత ఛైర్మనే, సీటు పోయినా సరే. మామూలు ఓటు ఉండదు. రెండువైపులా సమానమైతే మాత్రం ఆమె ఓటు వేసి తీరాలి. ఆ ఓటుతో గెలిచిన ఛైర్మన్, మళ్లీ సమానమైతే తన అదనపు ఓటుతో నాయకుణ్ణి గెలిపిస్తాడు.

"అంటే?" అన్నాడు క్లైవ్.

"అంటే ఆ బోర్డు మళ్లీ పాతించండి," అంది నస్రీన్.

ఐదింటికి పాతారు. కాస్త వంకరగా.

శనివారం నుంచి ఎనిడ్ ఇంటికి కేకులు రావడం మొదలైంది. పాతికేళ్లలో ఒక్కసారి గడప తొక్కనివాళ్లు టిన్నులు పట్టుకుని గేటు దగ్గర వరస కట్టారు. ఆమె భర్త వాల్టర్, బస్సు నడిపి రిటైరైన మనిషి, తలుపు తీసి తీసి అలిసిపోయాడు.

"నువ్వు ఎప్పుడో ఓడిపోవాల్సింది," అన్నాడు.

నస్రీన్ ఫోన్ చేసింది. "ఎనిడ్ గారూ, ఓటుకు బదులుగా ఏదీ అడగకండి. నేరమవుతుంది."

"కేకులో?"

"చర్చి హాలుకి పంపెయ్యండి."

ప్రతిపక్ష నాయకుడు రాల్ఫ్ టట్టన్ తన తోటలో కోసిన రూబార్బ్ అనే పుల్లటి కాడల కట్ట పట్టుకొచ్చాడు. "మా చేతిలో అధికారం లేదండీ, ఇవే ఉన్నాయి," అన్నాడు. అవీ హాలుకే పోయాయి.

ఎనిడ్‌కి ఏం కావాలో అడగనక్కర్లేదు. సంత వీధిలో మరుగుదొడ్లు తెరవాలి. క్లైవ్ నాయకుడైన ఏడాదే వాటికి తాళం పడింది. బుధవారం సంతకు బస్సులో వచ్చే ఆడవాళ్లు టీ కొట్లో బన్ను కొంటే తప్ప అక్కడి మరుగుదొడ్డి వాడుకునే దారి లేదు. ఎనిడ్ ఏటా తీర్మానం పెట్టేది. పార్టీ వేరైనా ఏటా బలపరిచేది రాల్ఫ్. ఏటా క్లైవ్ జవాబు ఒకటే: పైపులు తుప్పు పట్టాయి, గోడలు నానిపోయాయి, పద్దెనిమిది నెలలు పడుతుంది.

ఈసారి ఆమె నోరు విప్పలేదు. క్లైవ్ ఆగలేకపోయాడు. సోమవారం పొద్దున్నే పైపుల పనివాళ్లు దిగారు. మంగళవారం రంగులవాళ్లు. ఆ వారం కాక పై వారం బుధవారం, కొత్త ఛైర్మన్‌ని ఎన్నుకునే సభ జరిగే రోజే, సంత మధ్యలో బ్యాండు వాయించి రిబ్బన్ కట్టారు. ఫొటో కోసం క్లైవ్ ఒక చేత్తో ఎనిడ్‌కి కత్తెర, ఇంకో చేత్తో తాళం చెవి అందించాడు. వరస చేపల కొట్టు దాకా సాగింది.

మొదట వెళ్లొచ్చిన ముసలావిడ తడిచేతులు విదిలించుకుంటూ, "వేడినీళ్లు కూడా వస్తున్నాయే," అంది. జనం చప్పట్లు కొట్టారు.

ఎనిడ్ అడిగింది: "రేపటి నుంచి వీటి సంగతి ఎవరు చూస్తారు క్లైవ్?"

"సెప్టెంబరులో సమీక్షిద్దాంలే."

సాయంత్రం ఆరున్నరకు సభ. చేతులు లేచాయి. పద్దెనిమిది, పద్దెనిమిది. బాల్కనీలో కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. ఎనిడ్ గొలుసు సర్దుకుని లేచింది.

"మరుగుదొడ్లు బాగుచెయ్యడానికి పద్దెనిమిది నెలలు పడుతుందని పంతొమ్మిదేళ్లు విన్నాను," అంది. "తొమ్మిది రోజులు పట్టింది."

క్లైవ్ చప్పట్లు మొదలుపెట్టాడు. అతని పక్షం అందుకుంది. ఎనిడ్ అవి ఆగేదాకా నిలబడింది.

"తొమ్మిది రోజుల పని కోసం పంతొమ్మిదేళ్లు బన్నులు తిన్నాను. నా ఓటు ప్రతిపక్షం నిలబెట్టిన మనిషికి."

క్లైవ్ లేచాడు. "వాటిని తెరిపించింది నేను ఎనిడ్."

"అవును క్లైవ్. నేనూ అదే చెప్తున్నా."

బాల్కనీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మెట్ల మీదుగా కిందికి దిగింది. నస్రీన్ చట్టం పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎనిడ్ గొలుసు తీసి కొత్త ఛైర్మన్ మెడలో వేసింది. పావుగంటలో రాల్ఫ్ నాయకుడయ్యాడు.

బయట వాల్టర్ కారు దగ్గర కాచుకుని ఉన్నాడు. ఎనిడ్ కారెక్కలేదు. అతని చెయ్యి పట్టుకుని సంత వీధి దాకా గబగబా లాక్కెళ్లింది. మరుగుదొడ్ల తలుపు ముందు ఆగి చేతిసంచీలోంచి తాళం చెవి తీసింది.

"అది ఇచ్చెయ్యలేదా?" అన్నాడు వాల్టర్.

"ఎవరూ అడగలేదు. రేపు రాల్ఫ్‌కి ఇస్తా."

లోపలికి వెళ్లింది. వాల్టర్ చేపల కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎలా ఉంది?"

"ఇప్పుడు లోపలివైపు గడియ పడుతోంది," అంది ఎనిడ్. ఆ మాటకు తనే నవ్వడం మొదలుపెట్టి, కారు దాకా ఆపుకోలేకపోయింది.